వార్డులో ఇద్దరు అప్పలరాజులు

గత నెలలో మా వారికి తుంటి ఎముక ఆపరేషన్ అయిన మరునాడు హిమోగ్లోబిన్ ఆరున్నరకు పడిపోవడంతో రక్తం ఎక్కించవలసి వచ్చింది. విశాఖపట్నంలోనే ఇరవై ఎనిమిదేళ్లు స్టాఫ్ నర్సుగా పని చేసి రిటైరైన నేను ఆ రోజు అటెండెంటు కుర్చీలో కూర్చున్నాను. బ్యాగు పట్టుకుని వచ్చిన అమ్మాయి, ఉదయం నుంచి ఆయనను “అంకుల్ గారూ” అని పలకరిస్తూనే ఉన్నా, మళ్లీ కొత్త మనిషిని అడిగినట్టు “మీ పూర్తి పేరు, మీ నాన్నగారి పేరు చెప్పండి” అంది. “పొద్దున్నుంచి నాలుగుసార్లు చెప్పానమ్మా” అని ఆయన విసుక్కున్నారు. నాకు మాత్రం ఆ ప్రశ్న వినగానే ప్రాణం కుదుటపడింది.

ఎందుకో చెప్పాలంటే మా ఉత్తరాంధ్ర పేర్ల సంగతి చెప్పాలి. సింహాద్రి అప్పన్న మీద భక్తితో మా వైపు ఏ వీధికి వెళ్లినా ఒక అప్పలరాజో, అప్పలనాయుడో, అప్పలనర్సమ్మో కనిపిస్తారు. సింహాచలం అనే పేరు మగవారికీ ఉంటుంది, ఆడవారికీ ఉంటుంది. ముప్పై మంచాల వార్డులో ఒకే పేరుగల ఇద్దరు ఉండని రోజు నా సర్వీసులో అరుదు. మంచం కొసన నిలబడి “అప్పలరాజు నువ్వేనా?” అని అడిగితే మత్తులో ఉన్న మనిషీ, చెవి సరిగా వినపడని మనిషీ, సిస్టరమ్మ మాటకు కాదనడం ఎందుకులే అనుకునే మనిషీ “ఆఁ” అనే అంటారు. అందుకే పేరు మనం అందించకూడదు. అది రోగి నోటి నుంచి రావాలి, వచ్చినది చేతి పట్టీతోనూ, కేస్ షీటులోని ఐపీ నంబరుతోనూ (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు), బ్యాగుకు కట్టిన చీటీతోనూ అక్షరం తేడా లేకుండా సరిపోవాలి, అదీ ఇద్దరు మనుషులు విడివిడిగా చూసినప్పుడు.

నా చేతి మీదుగానే ఒకసారి ఇది తప్పింది. నైట్ డ్యూటీలో ఇద్దరు అప్పలరాజులకు క్రాస్ మ్యాచ్ కోసం, అంటే దాత రక్తం రోగి రక్తంతో సరిపడుతుందో లేదో చూసే పరీక్ష కోసం, రక్తం తీశాను. మంచాల దగ్గర వెలుతురు చాలక, రెండు ట్యూబులనూ టేబుల్ దగ్గరకు తెచ్చి అక్కడ పేర్లు రాశాను. గంట తర్వాత బ్లడ్ బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది: “సిస్టర్, ఈ పేషెంటుకు పోయిన ఏడాది మన రికార్డులోనే బి పాజిటివ్ అని ఉంది, ఇప్పుడు ఓ వస్తోంది, శాంపిల్ మళ్లీ పంపండి.” ట్యూబులు తారుమారయ్యాయి. బి గ్రూపు మనిషికి ఓ గ్రూపు ఎర్ర కణాలు ఎక్కినా సాధారణంగా ప్రమాదం ఉండదు. నన్ను ఈనాటికీ వణికించేది రెండో అప్పలరాజు సంగతి. అతనిది ఓ గ్రూపు, పాత రికార్డేదీ లేదు, అతని పేరిట బి రక్తం సిద్ధమవుతోంది. ఓ గ్రూపు వారి ప్లాస్మాలో ఏ, బి కణాలు రెండింటినీ ఛిద్రం చేసే యాంటీబాడీలు సహజంగానే ఉంటాయి. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ గ్రూపులను వివరించినప్పటి నుంచీ తెలిసిన విషయమే ఇది.

క్రాస్ మ్యాచ్ చేశారు కదా, ఇంక భయమేమిటని చాలామంది అనుకుంటారు. ట్యూబులో ఉన్నదే వేరొకరి రక్తమైతే క్రాస్ మ్యాచ్ ఆ తప్పుతోనే చక్కగా సరిపోతుంది. హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలన్నీ దాటి వచ్చిన నిక్షేపమైన రక్తమే తప్పు మనిషికి చేరితే విషమవుతుంది. ఆ రాత్రి తర్వాత నేను మంచం పక్కనే, టార్చిలైటు వెలుగులోనైనా సరే, ఒక రోగి ట్యూబు మీద పేరు రాసి ముగించాకే రెండో రోగి దగ్గరకు వెళ్లేదాన్ని.

అటెండెంట్ల మంచితనం కూడా ఒక్కోసారి చిక్కు తెస్తుంది. ఒక మామ్మగారు బ్యాగును బేసినులో వేడి నీళ్లలో ముంచి, “సల్లగుందమ్మా, పిల్లోడు వణికిపోతాడని” అన్నారు. వేడికి ఎర్ర కణాలు పగిలిపోతాయి. ఐసుగడ్డ నేరుగా ఆనినా అంతే. బయటి బ్లడ్ బ్యాంకు నుంచి తెచ్చేవారు వాళ్లిచ్చే పెట్టెలోనే తేవాలి తప్ప, ఏప్రిల్ ఎండలో ఆటోలో ఒళ్లో పెట్టుకుని తేకూడదు. ఫ్రిజ్ నుంచి తీసిన అరగంటలోపు మొదలుపెట్టి, నాలుగు గంటల్లో ముగించాలి. ఆ లైనులో నార్మల్ సెలైన్ తప్ప మరేదీ కలవకూడదు, ఎందుకంటే డ్రిప్‌గా ఎక్కించే రింగర్ లాక్టేట్‌లోని కాల్షియం వల్ల గడ్డలు కట్టవచ్చు.

అన్నిటికన్నా ముఖ్యమైనది మొదటి పావుగంట. అప్పుడు చుక్కలు నెమ్మదిగా పడాలి, సిస్టర్ పక్కనే ఉండాలి. రోగికి చలి పుడితే మనవాళ్లు దుప్పటి కప్పి ఊరుకుంటారు. ఆ చలే తొలి హెచ్చరిక కావచ్చు. నడుము నొప్పి, ఆయాసం, సూది ఉన్న చోట మంట, మూత్రం ఎర్రబడటం, లేదా రోగి ఉత్తినే “ఏదోలా ఉందమ్మా” అనడం, వీటిలో ఏది కనిపించినా వెంటనే పిలవాలి. మేము మొదట బ్యాగు ఆపేస్తాం, గొట్టం సెట్టు మార్చి సెలైనుతో సూదిని తెరిచి ఉంచుతాం, డాక్టరును పిలుస్తాం, చీటీలన్నీ మళ్లీ సరిచూస్తాం, బ్యాగును పారేయకుండా కొత్త శాంపిళ్లతో బ్లడ్ బ్యాంకుకు పంపుతాం. ఇలాంటి రియాక్షన్లను నమోదు చేయడానికి 2012 డిసెంబరులో హీమోవిజిలెన్స్ కార్యక్రమం దేశమంతటికీ వచ్చింది గానీ, తిట్టు పడుతుందని సిస్టర్లు నోరు మెదపని చోట ఆ ఫారాలు తెల్లగానే ఉండిపోతాయని నా అనుభవం.

మా వారికి ఒక బ్యాగు తర్వాత పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ ఏడున్నరకు వచ్చింది. గుండెకు స్టెంటు ఉన్న మనిషి కనుక ఎనిమిదికి పైన ఉండాలని డాక్టరు మరునాడు రెండోది రాశారు. ఆ అమ్మాయి తలుపు తీయగానే ఈయన లేచి కూర్చుని, తన పేరు, మా మామగారి పేరు, ఐపీ నంబరుతో సహా బడిలో ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేశారు. ఆ అమ్మాయి నవ్వింది, అయినా చేతి పట్టీని తన వైపు తిప్పుకుని ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టి చదివాకే బ్యాగును స్టాండుకు తగిలించింది.