అగ్వాద జైలు నుంచి ఆజాద్ మైదానం దాకా

గోవాలో అగ్వాద కోట కింద సముద్రాన్ని ఆనుకుని ఉన్న పాత జైలు ఇప్పుడు మ్యూజియం. పోర్చుగీసు పాలనను ఎదిరించినవాళ్లను ఇక్కడ బంధించేవారు. ఆ గదుల్లో తిరుగుతుంటే ఐక్యరాజ్యసమితి ఛార్టర్‌లోని 73వ అధికరణమే నా మనసులో మెదిలింది. స్వపరిపాలన లేని ప్రాంతాలను ఏలే దేశం, అక్కడి ఆర్థిక, సామాజిక, విద్యా పరిస్థితుల గురించి సమితికి క్రమం తప్పకుండా సమాచారం పంపాలని అది చెబుతుంది.

పోర్చుగల్ 1955 డిసెంబర్‌లో సమితిలో చేరింది. మీ చేతిలో అలాంటి ప్రాంతాలున్నాయా అని సెక్రటరీ జనరల్ అడిగితే, లేవంది. అప్పటికే 1951లో పోర్చుగల్ నియంత సలాజార్ ప్రభుత్వం రాజ్యాంగాన్ని సవరించి, వలస ప్రాంతాలను సముద్రం అవతలి రాష్ట్రాలుగా మార్చేసింది. గోవా మా దేశంలో భాగమే, రిపోర్టులు అడగడం మా సార్వభౌమత్వంలో జోక్యమే అని వాదించింది. రిపోర్టు రాయడమంటే ఇది వలస ప్రాంతమని ఒప్పుకోవడమే కదా, భయమంతా అక్కడే ఉంది.

బేతిం దగ్గర ఫెర్రీ ఎక్కి మాండవి దాటి పణజి చేరాను. ఆజాద్ మైదానంలో గోవా విముక్తి పోరాట నాయకుడు టి.బి. కున్హా స్మారకం ముందు చాలాసేపు నిలబడ్డాను. పౌర హక్కుల కోసం నోరెత్తినందుకు 1946లో సైనిక కోర్టు ఆయనకు శిక్ష వేసింది, పోర్చుగల్‌లోని పెనీష్ కోటకు పంపింది. మాట్లాడితేనే సైనిక విచారణ జరిగే చోట స్వపరిపాలన ఉందని ఎలా నమ్మాలి?

1960 డిసెంబర్ 15న సమితి సర్వసభ్య సభ తేల్చి చెప్పింది. పాలించే దేశానికి దూరంగా ఉండి, జాతిలోనో సంస్కృతిలోనో వేరైన ప్రాంతమైతే సమాచారం పంపే బాధ్యత ఉన్నట్టే. అదే రోజు మరో తీర్మానంలో గోవా, అంగోలా, మొజాంబిక్, తిమోర్‌లను అలాంటి ప్రాంతాలుగా పేర్లతో సహా చెప్పింది. స్పెయిన్ తన ప్రాంతాల సమాచారం ఇస్తానంది. పోర్చుగల్ మాత్రం ససేమిరా అంది.

ఏడాదికి, 1961 డిసెంబర్ 18న, మన సైన్యం గోవాలోకి వెళ్లింది. మర్నాటికే అంతా ముగిసింది. భద్రతామండలిలో మనకు వ్యతిరేకంగా వచ్చిన తీర్మానాన్ని సోవియట్ యూనియన్ వీటో చేసింది. బలప్రయోగమని మనల్ని తప్పుపట్టినవాళ్లు అప్పట్లో చాలామందే. 1950 నుంచీ చర్చలకు రమ్మని భారత్ అడిగింది, పోర్చుగల్ కుదరదంది. అదే కాలంలో మన యానాంను 1954లో ఫ్రాన్స్ అప్పగించింది. గోవాపై భారత్ హక్కును పోర్చుగల్ ఒప్పుకోవడానికి మాత్రం అక్కడి నియంతృత్వం కూలాలి, అది 1974లో జరిగింది. అప్పటిదాకా గోవా జనం ఎదురుచూసి ఉండాల్సిందని అనడానికి నాకు మనసొప్పదు.