రెండో బంతి

"మీరు వస్తారో రారో తెలియలేదు, అందుకే మొదలుపెట్టకుండా ఆగాం" అందావిడ. నవ్వుతూనే అంది.

ఓడ డైనింగ్ హాల్లో మా బల్ల మీద బ్రెడ్ బుట్ట ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉంది. ఆయన మంచినీళ్ళ గ్లాసుతో కాలక్షేపం చేస్తున్నాడు. టైం 8:25. మాకిచ్చిన టైం 8. మాతోపాటు అదే బల్ల ఇచ్చిన, డెబ్బై దాటిన టెక్సాస్ దంపతులు మా ఆరుగురి కోసం ఆకలితో కూర్చున్నారు. నేను సారీ చెప్పాను, మా ఆవిడ సారీ చెప్పింది. మా చిన్నాడు మాత్రం "నాన్న టై దొరకలేదు" అని ఉన్నమాట చెప్పేశాడు.

దెప్పిందా, మామూలుగా అందా? 14 ఏళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నా నవ్వుతూ అన్న మాటలో చురక ఉందో లేదో నాకు అంతుపట్టదు. ఆ రాత్రి సూప్ తాగుతున్నంతసేపూ అదే ఆలోచన.

అసలు ఆ 8 గంటలు ఊరికే ఎంచుకున్నది కాదు. డిసెంబర్ సెలవుల్లో టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి మెక్సికో దీవి కోజుమెల్‌కి నాలుగు రాత్రుల క్రూజ్. ఆగస్టులో బుక్ చేస్తుంటేనే అడిగారు: డిన్నర్ 5:30కా, 8కా, లేక ఎప్పుడైనా సరేనా? అన్ని వేలమందికి ఒకేసారి వడ్డించే డైనింగ్ హాల్ ఓడలో ఎక్కడుంటుంది? అందుకని సగంమంది తింటుంటే మిగతా సగం థియేటర్‌లో షో చూస్తారు, తర్వాత అటువాళ్ళు ఇటు, ఇటువాళ్ళు అటు. తెనాలిలో ఉన్న అమ్మకి ఫోన్లో ఇదంతా వివరించబోతే మధ్యలోనే అందుకుంది. "మొదటి బంతి, రెండో బంతి అంటావు, అంతేగా. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ మొదటి బంతిలో కూర్చోబెట్టాలి, అడగడం దేనికి?"

మొదటి బంతి 5:30కి అన్నాను. కాసేపు మాట లేదు.

"దీపాలు పెట్టే వేళ అన్నం తింటారట్రా ఎవరైనా?"

డిసెంబర్‌లో అక్కడ పొద్దుగూకేది సరిగ్గా ఆ ప్రాంతంలోనే. ఇక దానికి తిరుగులేదు. (ఓడలో దీపం, అగరొత్తి వెలిగించనివ్వరు. బ్యాటరీ దీపం ఒకటి కొనిచ్చాను. రోజూ 5:30కి దాని స్విచ్ నొక్కి దణ్ణం పెట్టుకునేది.)

ఎప్పుడైనా సరే అన్నది నాకు నచ్చింది కానీ, అందులో రోజుకో బల్ల, రోజుకో వెయిటర్. అమ్మానాన్నలు గుడ్డు కూడా తినరు. ప్రతి రాత్రీ ఒక కొత్త మనిషికి ఆ కథంతా మొదట్నుంచీ చెప్పాలి. టైం ఖాయం చేసుకుంటే అదే బల్ల, అదే వెయిటర్, ఒక్కసారి చెప్తే చాలు. మా పెద్దమ్మాయి మాత్రం "పైన బఫే ఉందిగా, ఇంత టెన్షన్ ఎందుకు?" అంది.

దానికి చెప్పలేదు గానీ, నాకు బల్ల కావాలి. డాలస్‌లో మా ఇంట్లో ఆరుగురం కలిసి కూర్చుని తిన్నది లేదు. పిల్లలు ప్రాక్టీసుల నుంచి వచ్చి ఆరింటికల్లా తినేస్తారు. మా ఆవిడ గిన్నెలు సర్దుతూ నిలబడే తినేస్తుంది. అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఎనిమిదిన్నరకి టీవీ ముందు వాళ్ళిద్దరే. నాకు 9కి కాల్, హైదరాబాద్ టీమ్‌కి పొద్దున్న ఎనిమిదిన్నర అప్పుడే. మ్యూట్‌లో పెట్టుకుని పెరుగన్నం కలుపుకోవడం నా అంత బాగా ఎవడికీ రాదు. ఓడలో నేను ఇంటర్నెట్ కొనలేదు. కొనకపోవడమే ఈ సెలవుల్లో నేను పెట్టిన అసలు ఖర్చు అని మా ఆవిడ ఎగతాళి.

ఇంత ఆలోచించి ఎంచుకున్న టైంకి 25 నిమిషాలు ఆలస్యంగా వెళ్ళాం!

ఈ దేశానికి వచ్చిన కొత్తలో ఒకసారి ఇలాగే అయింది. మా మేనేజర్ థ్యాంక్స్‌గివింగ్ డిన్నర్‌కి మూడింటికి రమ్మన్నాడు. మూడింటికి డిన్నరేమిటి, మాటవరసకి అని ఉంటాడనుకుని ఐదున్నరకి వెళ్ళాను. నా వాటా పళ్ళెంలో పెట్టి, పైన రేకు కప్పి ఉంచారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. అప్పట్నుంచి తెల్లవాళ్ళింటికి నిమిషం తేడా రాకుండా వెళ్తాను. మనవాళ్ళ ఇళ్ళకి అలా వెళ్తే ఏమవుతుందో మీకూ తెలుసు. ఆరింటికి రమ్మన్నచోటికి ఆరింటికే వెళ్ళినవాడు ఉల్లిపాయలు తరగాలి. అందుకని నా ఒంట్లో రెండు గడియారాలు తిరుగుతుంటాయి. కుటుంబంతో కలిసి బయల్దేరితే తెలుగు గడియారం, ఒక్కణ్ణే అయితే అమెరికా గడియారం. ఆలస్యం మా జాతి లక్షణమేమీ కాదని ఆ పెద్దావిడకి చెప్పాలనిపించింది. చెప్తే ఇంకా అధ్వాన్నంగా ఉండేది.

గదికి వెళ్ళాక ఆవిడ అన్నది అమ్మకి చెప్పాను. నవ్వుతూ అందా, మొహం మాడ్చుకుని అందా అని అమ్మ అడగనే లేదు.

"అయ్యో, ఆకు ముందు కూర్చోబెట్టి ఆపామా వాళ్ళని!" అంది. కాసేపాగి, "అందరికీ వడ్డన అయ్యేదాకా ముట్టుకోకూడదని వాళ్ళకీ ఉందన్నమాట" అని మెచ్చుకుంది కూడా. నాకు ఆ మెచ్చుకోలుతో ఇంకా మండింది. మన పంక్తి మర్యాద మనకే ఇంకొకరు గుర్తుచేయడం ఏమిటి?

మూడో రోజు కోజుమెల్ నుంచి తిరిగి ఓడెక్కాక పంతం పట్టి అందర్నీ ముందే తయారుచేయించాను. నాన్నగారి చేత అరగంట ముందు వేసుకోవాల్సిన షుగర్ మాత్ర కూడా మింగించి, 7:40కల్లా డైనింగ్ హాల్ గుమ్మం ముందు నిలబడ్డాం. తలుపు అద్దంలోంచి చూస్తే మొదటి బంతివాళ్ళు ఇంకా ముప్పాతిక భోజనంలో ఉన్నారు. మా అమ్మాయి నా ఫోన్ చూసి తల పట్టుకుంది. చలికాలంలో కోజుమెల్ టైం టెక్సాస్ కంటే గంట ముందు. ఒడ్డున మెక్సికో సిగ్నల్ అందుకుని నా ఫోన్ ముందుకు జరిగింది. ఓడ మాత్రం గాల్వెస్టన్ టైం మీదే నడుస్తోంది. పొద్దున్న మైకులో ఆ సంగతి చెప్పారట. అంటే అప్పుడు 6:40.

మాత్ర లోపలికి వెళ్ళిపోయింది. భోజనానికి ఇంకా గంటా ఇరవై నిమిషాలు. బఫేకి పరుగెత్తాలా అని చూస్తుంటే మా వెయిటర్ అద్దంలోంచి మమ్మల్ని చూసి బయటికొచ్చాడు. ఛాతీ మీద బ్యాడ్జిలో పేరు కింద ఇండోనేషియా అని ఉంటుంది. సంగతి వినగానే లోపలికి వెళ్ళి, నాప్కిన్‌లో రెండు బ్రెడ్ రోల్స్, ఒక అరటిపండు చుట్టి తెచ్చాడు. "మా నాన్నకీ షుగరే సార్" అని మళ్ళీ లోపలికి పరుగు.

8కి అందరం కూర్చున్నాక అమ్మ అతన్ని తెలుగులోనే అడిగింది. "నువ్వెప్పుడు తింటావు బాబూ?" నేను ఇంగ్లీషులో చెప్పాను. నవ్వాడు. మేం లేచాక బల్లలన్నీ తుడిచి, రేపటి టిఫిన్లకి సర్దిపెట్టాకట. పదిన్నర, ఒక్కోసారి పదకొండు. మళ్ళీ పొద్దున్న ఆరింటికి టిఫిన్ల దగ్గర ఉండాలి. ఎనిమిది నెలల కాంట్రాక్టు, వారానికో సెలవంటూ ఏమీ లేదు. ఇంటివాళ్ళు ఆఖరి బంతే కదా, అంది అమ్మ. ఆ మాట నేను ఇంగ్లీషులోకి మార్చలేదు.

ఇక ఆఖరి రాత్రి అమ్మ గబగబా తిని 9కల్లా చెయ్యి కడుక్కున్నట్టే కూర్చుంది. స్వీటు వద్దంది. బల్ల కింద నా మోకాలు తట్టి, "లేద్దాం పదండర్రా, ఆ పిల్లాడు ఎప్పుడు తింటాడు" అంది. సరే లేద్దామంటే తనే లేవదు. ఎదురుగా పెద్దావిడకి అప్పుడే చీజ్‌కేక్ వచ్చింది, ఆవిడ మా అమ్మాయికి చిన్నప్పటి సంగతులేవో చెప్తూ చెంచా చివర్న కాస్త కాస్త తింటోంది.

"వాళ్ళ చెయ్యి ఇంకా ఆకులోనే ఉందిరా. పంక్తిలో మధ్యలో ఎలా లేస్తాం?"

అలా 9:20 అయింది. అమ్మ కళ్ళు ఆ పళ్ళెం మీదే ఉన్నాయి, ఎప్పుడు ఖాళీ అవుతుందా అని. పెద్దావిడ అది చూసి ఇంకోలా అర్థం చేసుకుంది. చీజ్‌కేక్ పళ్ళెం అమ్మ వైపు జరిపి, ఇంకో ఫోర్క్ తెమ్మని వెయిటర్‌కి సైగ చేసింది. అతను పక్కకొచ్చి వంగి, ఇందులో గుడ్డుంది మేడమ్, వీరికి పడదు, గుడ్డు లేని స్వీటు చేయించి తెస్తాను, పది నిమిషాలు అన్నాడు. మొదటి రోజు చెప్పింది మర్చిపోలేదు.

నేను ఆ మాట తెలుగులో చెప్పేసరికి అతను సగం హాలు దాటిపోయాడు.

"వద్దని చెప్పరా" అంటోంది అమ్మ. "ఒరేయ్, వద్దని చెప్పు!"