పన్ను పోయిన చోట ఇంప్లాంటా, బ్రిడ్జా?

పన్ను పోయిన కొత్తలో నాలుక కుదురుగా ఉండదు. మాట్లాడుతున్నా, చదువుకుంటున్నా, నిద్రపోబోతున్నా అదే పనిగా వెళ్ళి ఆ గుంటని తడుముతూ ఉంటుంది. కొన్నాళ్ళకి దానికీ అలవాటైపోతుంది, మనకీ అలవాటైపోతుంది. నాకు జరిగింది అదే. కింద ఎడమవైపు మొదటి దవడపన్ను నిలువునా పగిలితే పీకించుకున్నాను. "మూడు నెలలాగి రండి, అక్కడ ఏదో ఒకటి పెట్టించుకోవాలి" అని చెప్పి పంపారు. నేను నాలుగేళ్ళు ఆగాను. కుడివైపు నములుతూ రోజులు నెట్టుకొచ్చాను. ఆ కుడివైపే, పై వరసలో దవడపళ్ళకి ముందుండే చిన్న పన్ను విరిగి, దాన్నీ పీకించాక గాని టెన్షన్ మొదలవలేదు. ఇక నమలడానికి ఏ పక్కా మిగల్లేదు మరి.

మొదట వెళ్ళిన చోట చిన్న ఎక్స్‌రే ఒకటి తీసి, ఐదు నిమిషాల్లో తేల్చేశారు. "రెండు చోట్లా ఇంప్లాంట్లే. బ్రిడ్జి పాత పద్ధతండీ, ఇప్పుడెవరు చేయించుకుంటున్నారు?" అన్నారు. ఇంప్లాంటంటే దవడ ఎముకలోకి చిన్న మర దింపి, దాని మీద పన్ను బిగించడం. బ్రిడ్జంటే పక్క పళ్ళ ఆసరాతో మధ్యలో పన్ను కట్టడం. ఈ రోజే అడ్వాన్సు కడితే తగ్గింపు ఉందన్నారు. నాకు షుగర్ ఉందా లేదా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఉంది. ఆలోచించుకుని వస్తానని చెప్పి బయటపడ్డాను.

ఇంటికొచ్చి అక్కకి ఫోన్ చేస్తే ఆవిడది ఇంకో దారి. "ఒరేయ్, దవడలోకి బోల్టు దింపించుకుంటావా? హాయిగా బ్రిడ్జి కట్టించుకో, రెండు వారాల్లో తెమిలిపోతుంది" అంది. అక్క బ్రిడ్జి పన్నెండేళ్ళు బాగానే పనిచేసింది. ఆ తర్వాత క్యాప్ కింద పన్ను పుచ్చిపోయి మొత్తం ఊడి వచ్చింది. ఆ ముక్క మాత్రం నేను గుచ్చి గుచ్చి అడిగితే గాని చెప్పలేదు.

రెండో అభిప్రాయం కోసం వెళ్ళిన డాక్టర్ గారు పెద్దావిడ. నోరంతా ఇరవై నిమిషాలు చూశారు. ప్రతి పన్ను చుట్టూ చిగురు ఎంత లోతుందో సన్నటి పుల్లలాంటి సాధనంతో కొలిచారు, తట్టారు, కొరికించారు. తర్వాత సీబీసీటీ అనే త్రీడీ స్కాన్, మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష రాశారు. రిపోర్టులు తీసుకెళ్ళాక నేను అడిగిన మొదటి ప్రశ్న, "రెండింట్లో ఏది మంచిదండీ?"

"మీరు ఖాళీల గురించి అడుగుతున్నారు. ముందు ఆ ఖాళీలకి అటూ ఇటూ ఉన్న పళ్ళ సంగతి చెప్తాను, వినండి" అన్నారావిడ. నా నిర్ణయమంతా ఆ ఒక్క మాట మీదే నడిచింది.

బ్రిడ్జి అంటే ఖాళీకి రెండు పక్కలా ఉన్న పళ్ళని చుట్టూ అరగదీసి, వాటి మీద క్యాపులు వేసి, ఆ రెండు క్యాపుల మధ్య ఒక కృత్రిమ పన్నుని వేలాడదీయడం. అరగదీసిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. కాబట్టి పక్క పళ్ళు ఎలాంటివన్నదే అసలు ప్రశ్న. నా కింది ఖాళీ పక్కన ఉన్నవి రెండూ ఫిల్లింగ్ కూడా లేని పళ్ళు. వెనకది మాత్రం ఈ నాలుగేళ్ళలో కొంచెం ముందుకి ఒరిగింది. పైనున్న పన్ను ఎదురు లేక కాస్త కిందికి దిగింది. ఆలస్యానికి నేను కట్టిన వడ్డీ అది. "పోయిన ఒక్క పన్ను కోసం బాగున్న రెండు పళ్ళని కోయడం నాకిష్టం లేదు" అన్నారు. స్కాన్‌లో అక్కడ ఎముక వెడల్పు 7 మిల్లీమీటర్లు, కింది నరం దాకా లోతు 14 మిల్లీమీటర్లు. ఇంప్లాంటుకి చాలు.

పైన కథ వేరు. పై దవడ ఎముకకి మీద సైనస్ అనే గాలి గది ఉంటుంది. నాకు ఆ గది కిందికి దిగి ఉంది. మిగిలిన ఎముక ఎత్తు 5 మిల్లీమీటర్లే. అక్కడ ఇంప్లాంటు పెట్టాలంటే సైనస్ పొరని పైకి లేపి, కింద ఎముక పొడి నింపి, అది గట్టిపడేదాకా నెలల తరబడి ఆగాలి. పక్కన చూస్తే, వెనక పన్నుకి ఎప్పుడో రూట్ కెనాల్ చేసి వేసిన క్యాప్ అంచు లేచిపోయి, ఎలాగూ మార్చాల్సి ఉంది. ముందు పన్నులో సగం ఫిల్లింగే. అంటే ఆ రెండింటికీ నేడో రేపో క్యాపులు తప్పవు. మధ్యలో ఒక పన్ను వేలాడదీస్తే పోయేదేముంది? పోయేది ఒకటుందని ఆవిడే చెప్పారు. రూట్ కెనాల్ అయిన పన్ను కాస్త పెళుసు, అది విరిగితే బ్రిడ్జి మొత్తం పోతుంది.

తీసి పెట్టుకునే పన్ను సంగతి కూడా అడిగాను. పెట్టుకోవచ్చు కానీ రోజూ తీసి కడగడం నా ఒంటికి పడదు. నా బద్ధకం నాకు తెలుసు కదా.

ఆ రక్తపరీక్షలో షుగర్ 8.2 శాతం వచ్చింది. 7 దగ్గరికి తెస్తే గాని ఇంప్లాంటు ముట్టుకోనన్నారు. షుగర్ అదుపులో లేకపోతే గాయం మానడం, ఎముక అతుక్కోవడం రెండూ కష్టమేనట. సరే, ఈలోపు బ్రిడ్జి కానిద్దాం అనుకున్నాం.

బ్రిడ్జి మూడు సిట్టింగుల్లో అయిపోయింది. నొప్పి లేదు గాని, అరగదీశాక డాక్టర్ గారు అద్దం చూపిస్తే గుండె కలుక్కుమంది. ముందు పన్ను మొద్దుబారిన మేకులా మిగిలింది. ఇక వెనక్కి పోలేమని అప్పుడు అర్థమైంది. తాత్కాలికంగా అతికించినది ఐదో రోజున ఊడి చేతిలోకొచ్చింది, మళ్ళీ పరుగెత్తి పెట్టించుకున్నాను. అసలుది సిమెంటుతో అతికించాక మూడు వారాలు చల్లనిది తగిలితే ముందు పన్ను జివ్వుమనేది. అరగదీసిన పన్నులో నరం కొన్నిసార్లు దెబ్బతిని తర్వాత రూట్ కెనాల్ దాకా వెళ్తుందని ముందే హెచ్చరించారు. నా అదృష్టం కొద్దీ తగ్గిపోయింది.

నాలుగు నెలల తర్వాత షుగర్ 7.1కి దిగింది. అప్పుడు ఇంప్లాంటు.

దీని గురించి నా భయమంతా డ్రిల్లు గురించే. నిజానికి పన్ను పీకించుకున్న రోజే ఇంతకంటే కష్టంగా గడిచింది. మత్తు ఇంజెక్షన్ పనిచేశాక తెలిసింది అదురు, నీళ్ళ చప్పుడు, ఎవరో దవడని కిందికి నొక్కుతున్నట్టు బరువు, అంతే. నలభై నిమిషాల్లో కుట్లు వేసేశారు. రెండు రోజులు వాపు, వారం రోజులు మెత్తని తిండి. పదో రోజు కుట్లు తీశారు.

ఆ తర్వాత చేయడానికేమీ లేదు, ఎదురుచూడటమే. దవడలో దిగిన టైటానియం మర చుట్టూ ఎముక పెరిగి దాన్ని పట్టుకోవాలి. ఈ సంగతిని 1950లలో స్వీడన్ పరిశోధకుడు పెర్-ఇంగ్వార్ బ్రానెమార్క్ కనిపెట్టారు. ఆయన పళ్ళ డాక్టరేమీ కాదు. ఎముకలో రక్తప్రసరణ చూద్దామని కుందేళ్ళ కాళ్ళలో టైటానియం పరికరాలు పెట్టి, తీరా తీయబోతే అవి ఎముకకి అతుక్కుపోయి రాలేదు. 1965లో మొదటిసారి ఒక మనిషి దవడలో పెట్టారు. అవి ఆ మనిషికి నలభై ఏళ్ళు పైనే పనిచేశాయట. నాకు ఇదంతా చదువుకునే తీరిక బాగా దొరికింది, మూడు నెలలు ఆగాలిగా.

మూడు నెలలయ్యాక చిగురు కొద్దిగా తెరిచి, మర పైన చిన్న టోపీలాంటిది బిగించారు. చిగురు దాని చుట్టూ సర్దుకున్నాక కొలతలు తీసుకున్నారు. కిందికి దిగిన పై పన్నుని ఒక్క పిసరు అరగదీసి, చివరికి జిర్కోనియా అనే గట్టి తెల్లటి సెరామిక్‌తో చేసిన పన్ను బిగించారు. నీలి కాగితం కొరికించి, ఎక్కడ ఎత్తు తగులుతోందో చూసి సరిచేశారు. ఆ సరిచేయడమే మూడుసార్లు తిరిగాను, నాకు విసుగొచ్చింది గాని ఆవిడకి రాలేదు. అసలు పంటికి వేరు చుట్టూ మెత్తని పొర ఉంటుంది, ఎంత గట్టిగా కొరుకుతున్నామో అదే చెబుతుంది. ఇంప్లాంటుకి ఆ పొర లేదు. అందుకే కొరుకుడు ఎత్తు తేడా వస్తే మనకి తెలిసేలోపే మర మీద భారం పడిపోతుందట.

ఖర్చు మాటకొస్తే ఒక్క ఇంప్లాంటుకి అయినది మూడు పళ్ళ బ్రిడ్జి కంటే ఎక్కువే. కానీ బ్రిడ్జి పదీ పదిహేనేళ్ళకి మార్చాల్సి రావచ్చు, అది కూడా లెక్కలో వేసుకోవాలి. ఇంప్లాంటు అంటే జీవితాంతం చూసుకోనక్కర్లేదు అనేవాళ్ళ మాట మాత్రం నమ్మకండి. అది పుచ్చదు, నిజమే. దాని చుట్టూ చిగురుకి ఇన్ఫెక్షన్ వచ్చి ఎముక కరిగిపోవచ్చు, పైగా నొప్పి లేకుండా. ఏడాదికోసారి ఎక్స్‌రే తీయించుకుని ఎముక ఎక్కడుందో చూసుకోమన్నారు. సిగరెట్ తాగేవాళ్ళకి ఈ ముప్పు ఇంకా ఎక్కువట.

ఇప్పుడు రెండూ పెట్టించుకుని ఏడాదిన్నర దాటింది. నమలడంలో తేడా తెలియదు. తేడా తెలిసేది రాత్రిపూట. ఇంప్లాంటు పక్కన చిన్న బ్రష్ అటూ ఇటూ ఆడిస్తే అయిపోతుంది. బ్రిడ్జికి మాత్రం గట్టి కొన ఉన్న ప్రత్యేకమైన దారాన్ని సూదిలా కిందనుంచి దూర్చి, ఆ వేలాడే పన్ను అడుగున లాగాలి. మొదట్లో అద్దం ముందు పది నిమిషాలు పట్టేది, ఇప్పుడు మూడు. దారం దూర్చడం ఒక్క పూట మానేసినా మర్నాడు పొద్దున నాలుక నేరుగా దాని కిందికే పోతుంది.