సివిల్స్ మెయిన్స్‌లో సోషియాలజీ ఆప్షనల్: అసమానత మీద ఆన్సర్లు నేను రాసిన పద్ధతి

థింకర్లందరూ (మార్క్స్, వెబర్ లాంటి సిద్ధాంతకర్తలు) నోటికొచ్చాక కూడా ఆన్సర్‌లో ఎగ్జాంపుల్ అతికించినట్టు ఉంటోందా? నేనైతే ఎగ్జాంపుల్స్ బాగా తగ్గించేశాను. ఒక్క కేసు పట్టుకుని, థింకర్లని ఒక్కొక్కరిగా దాని మీదకి తెచ్చాను.

అంతర్జాతీయ వ్యాపారంలో అసమానత అంటే నా కేసు రాణా ప్లాజా, బంగ్లాదేశ్‌లో బట్టల ఫ్యాక్టరీలున్న బిల్డింగ్. 2013 ఏప్రిల్ 24న ఢాకా దగ్గర సావర్‌లో ఎనిమిదంతస్తుల ఆ బిల్డింగ్ కూలి 1,134 మంది చనిపోయారు. ఇది అందరూ రాస్తారు. నా దృష్టిలో అసలు విషయం ముందురోజు జరిగింది. బీటలు కనపడగానే కింద ఉన్న బ్యాంకు తన స్టాఫ్‌ని పంపించేసింది. పైన బట్టలు కుట్టేవాళ్లని మాత్రం మర్నాడు పనికి రమ్మన్నారు, రాకపోతే జీతం కట్ అన్నారు. అదే బిల్డింగ్, అవే బీటలు. వెబర్ లైఫ్ ఛాన్సెస్‌కి, అంటే వర్గాన్ని బట్టి మనిషికి దక్కే అవకాశాలకి, ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. మార్క్స్ చెప్పిన శ్రమ దోపిడీకి ఆ జీతం బెదిరింపు ఒక్కటి చాలు. కుట్టిన బట్టలు యూరప్, అమెరికా షాపులకి వెళ్తాయి కాబట్టి దేశాల్ని ధనిక కేంద్రం (కోర్), దానికి చౌకగా పనిచేసిపెట్టే అంచు (పెరిఫెరీ), ఈ రెంటి మధ్యవి (సెమీ పెరిఫెరీ) అని విడదీసిన వాలర్‌స్టైన్ తనంతట తనే వస్తాడు.

కోర్, పెరిఫెరీ అని రాసి అక్కడే ఆపకండి. మన అచ్యుతాపురంలో ఉన్న బట్టల తయారీ సంస్థ బ్రాండిక్స్ శ్రీలంక కంపెనీ. పెట్టుబడి ఎప్పుడూ ధనిక దేశం నుంచే వస్తుందనుకునేవాళ్లకి ఇది చిక్కుప్రశ్నే, సెమీ పెరిఫెరీ గురించి రెండు ముక్కలు రాయడానికి మంచి చోటు కూడా. సావర్ అయినా అచ్యుతాపురం అయినా మిషన్ల ముందు ఎక్కువమంది ఆడవాళ్లే. అందుకే జెండర్‌ని ఆన్సర్ చివర తోకలా తగిలించకుండా మొదటి పేరాలోనే పెట్టేవాణ్ణి.

డైవర్సిటీ అడిగితే మాత్రం ఫ్యాక్టరీ వదిలి బోర్డ్‌రూమ్‌కి వెళ్లాలి. అమెరికన్ సోషియాలజిస్ట్ రోజబెత్ మాస్ క్యాంటర్ 1977లో చెప్పిన టోకెనిజం చాలా పనికొస్తుంది: ఒక గ్రూపులో ఏదైనా వర్గం 15 శాతం దాటనప్పుడు వాళ్లని వ్యక్తులుగా చూడరు, ఆ వర్గానికి నమూనాగా చూస్తారు. మన కంపెనీల చట్టం 2013, సెక్షన్ 149 లిస్టెడ్ కంపెనీల్లో కనీసం ఒక మహిళా డైరెక్టర్ ఉండాలంటుంది. ఎనిమిదిమంది బోర్డులో ఒక్కరంటే 12.5 శాతం, క్యాంటర్ గీతకి కిందే. నార్వే 2003లోనే పబ్లిక్ లిమిటెడ్ కంపెనీల బోర్డుల్లో ఆడవాళ్లు, మగవాళ్లు ఎవరైనా కనీసం 40 శాతం ఉండాలని చట్టం చేసింది. ఈ రెండూ పక్కపక్కన పెడితే రెండు లైన్లలో అయిపోతుంది. 10 మార్కుల ప్రశ్నకి ఉండేవే 150 పదాలు కదా, డెఫినిషన్లకి అంత చోటెక్కడిది?