మామిడి ఫ్యాక్టరీలో మా పిచ్చి డాక్టరు

నేను తిరుపతిలో పెళ్ళి వీడియోలు తీస్తాను. ధనుర్మాసంలో ముహూర్తాలు ఉండవు కాబట్టి నెల రోజులు కెమెరాకీ నాకూ పని ఉండదు. చిత్తూరు పక్క మామిడి గుజ్జు ఫ్యాక్టరీలదీ అదే కథ. తోతాపురి దిగే జూన్, జూలైలో రాత్రీ పగలూ తేడా ఉండదు, డిసెంబరుకు గేటుకు తాళం. ఈ రెండు ఖాళీలూ కలిస్తే ఒక హారర్ షార్ట్ ఫిల్మ్ అవుతుందని మా బావకు తట్టింది. చచ్చినవాణ్ణి లేపే పిచ్చి డాక్టరు కథ. చేతిలో ఉన్నది 45 వేలు.

ఫ్యాక్టరీ దొరకడంతోనే సగం సినిమా అయిపోయింది. స్టీలు ట్యాంకులు, వంకర పైపులు, గోడ మీద ప్రెషర్ మీటర్లు. తెలిసినాయనదే, కరెంటు బిల్లు కడితే చాలన్నాడు. మూతి విరిగిన బీకర్లు, పగిలిన ఫ్లాస్కులు ఒక కాలేజీ అటెండరు ఇచ్చాడు. విరిగిన వైపు గోడకు తిప్పి పెట్టాం. డాక్టరు వేషానికి నాకు పదో తరగతిలో పాఠం చెప్పిన ఫిజిక్స్ సార్‌ని అడిగాను. రిటైరయ్యి ఖాళీగా ఉన్నారు, పైగా నాటకాల పిచ్చి.

కథలో సార్ చుక్క వేయగానే మందు రంగు మారాలి. రస్నా కలిపి చూస్తే కెమెరాలో కూడా రస్నాలాగే ఉంది. చివరికి నేను వందసార్లు తీసిన షాటే గుర్తొచ్చింది: గుమ్మంలో కొత్త జంటకు తిప్పే హారతి నీళ్ళు. పసుపు నీళ్ళలో సున్నం పడితే ఎర్రబడుతుంది, నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపవుతుంది. సున్నపు తేటను డ్రాపర్‌తో వదిలాం. ఒక్కో చుక్క ఎర్రటి దారంలా కిందికి సాగి, అడుగున చుట్ట చుట్టుకుని, మెల్లగా బీకరంతా పాకింది. ఖర్చు పది రూపాయలు.

"రేయ్, దీంతో చచ్చినోడు లేస్తాడా?" అన్నారు సార్.

పొగ మాత్రం ఏడిపించింది. చెన్నై నుంచి థర్మోకోల్ పెట్టెలో డ్రై ఐస్ తెప్పిస్తే, వచ్చేసరికి చాలావరకు గాలిలో కలిసిపోయింది. అది గడ్డకట్టిన కార్బన్ డై ఆక్సైడ్, మైనస్ 78 డిగ్రీల చలి. నీళ్ళుగా కరగదు, నేరుగా ఆవిరవుతుంది. చేత్తో ముట్టుకోకూడదు, మూసిన గదిలో వాడకూడదు. షట్టర్లన్నీ ఎత్తించాకే సార్ ముట్టనిచ్చారు. మిగిలిన ముక్కలు వేడినీళ్ళలో వేస్తే రెండు షాట్లు వచ్చాయి. మూడో షాటుకు సాంబ్రాణి వేశాం. డ్రై ఐస్ పొగ బరువుగా నేల మీద పాకుతుంది, సాంబ్రాణి పొగేమో పైకి లేస్తుంది. మానిటర్‌లో చూస్తే ల్యాబు కాస్తా పూజగది అయ్యింది. ఆ షాటు తీసేశాం.

బెల్లం పాకంతో చేసిన నెత్తురు గురించి ఎక్కువ చెప్పను. చీమలు.

అసలు భయమంతా శవం లేచే సీను మీదే. మేకప్‌కు డబ్బుల్లేవు, గ్రాఫిక్స్ మాట ఎత్తే పనే లేదు. ఇలాంటి కథే మేరీ షెల్లీ రాసిన 1818 నాటి ఇంగ్లిష్ నవల ‘ఫ్రాంకెన్‌స్టైన్’. అందులో సైన్సు చదివే కుర్రాడు తాను చేసిన మనిషికి ప్రాణం ఎలా పోశాడో ఆవిడ వివరంగా చెప్పనే లేదు. కానీ 1910లో ఎడిసన్ కంపెనీ ఆ కథను మూకీగా తీసినప్పుడు, బొమ్మను తగలబెట్టి ఆ ఫిల్మును వెనక్కి తిప్పారు. కాలిపోయేది కాస్తా పుట్టుకొచ్చేదిగా కనిపిస్తుంది. బొమ్మ తగలబెట్టడం మనకేం కొత్త? ఊళ్ళో ఏ ధర్నా జరిగినా దిష్టిబొమ్మ కాలాల్సిందే.

మొదటి బొమ్మలో గడ్డి కూరాం. అంటుకోగానే భగ్గుమని నిమిషంలో బూడిదయ్యింది. రెండోదానికి ఇనుప జాలీ కట్టి, పోస్టర్లకు వాడే మైదా గమ్ముతో పేపర్లు పొరలు పొరలుగా అంటించి, మొహానికి కొవ్వొత్తుల మైనం పోశాం. ఇసుక బకెట్లు, తడి గోతాలు పక్కనే. వాచ్‌మన్ తాత దూరంగా నిలబడి, "ఏందబ్బా, సీజన్ లేనప్పుడు కూడా ఈడ పొయ్యి వెలిగిస్తా ఉండారు" అన్నాడు.

చిక్కేమిటంటే, అదే ఫ్రేములో సార్ కూడా ఉండాలి. వీడియో తిరగబడుతుంది కాబట్టి ఆయన అన్నీ వెనక నుంచి చేయాలి. ముందు పగలబడి నవ్వాలి, తర్వాత వణకాలి, ఆ తర్వాత వెనక్కి నడుస్తూ బల్ల దగ్గరికి చేరాలి. ఉన్నది ఒక్క బొమ్మ. మంట లేకుండా పదిహేను సార్లు రిహార్సల్ చేశాం. ఆయన అరవై ఏళ్ళు దాటిన మనిషి, ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ఆ రాత్రే ల్యాప్‌టాప్‌లో తిప్పి చూశాం. నేల మీది మసి ఎగిరి ఎముకలకు అతుక్కుంటోంది, పొగ దిగొచ్చి ఛాతీలో దూరుతోంది, కారిన మైనం పైకి పాకి ముక్కు అవుతోంది. పక్కన సార్ నుదుటి మీద ఒక చెమట బొట్టు కింద నుంచి పైకి పోయింది. అది మేం అనుకున్నది కాదు. తీసేద్దామంటే బావ ఒప్పుకోలేదు.

డబ్బింగు మా ఇంట్లోనే, దుప్పటి కప్పుకుని. మొత్తం 19 నిమిషాలు వచ్చింది, ఖర్చు 52 వేలు తేలింది.

సంక్రాంతికి ఇంటి గోడ మీద ప్రొజెక్టర్ వేసి అందరికీ చూపించాం. పిల్లలు శవం లేచినప్పుడు అరిచారు. అమ్మ మాత్రం బీకరు సీను దగ్గరే ఆగిపోయింది.

"అవి మన హారతి నీళ్ళు కదరా?"