లేజర్ షో ప్రొజెక్టర్‌కి డయోడ్లు ఎంచుకోవడం: నా అనుభవం

వరంగల్‌లో పెళ్లిళ్లకూ, రిసెప్షన్లకూ లైటింగ్ వేసే మా పెదనాన్న కొడుకు ఒక ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) లేజర్ ప్రొజెక్టర్‌ని మూలన పడేస్తే, హైదరాబాద్ తెచ్చి విప్పాను. లోపల గాల్వోలు బాగానే ఉన్నాయి. గాల్వో అంటే చిన్న అద్దాన్ని అటూ ఇటూ అతివేగంగా ఊపే మోటారు. ఒకటి కిరణాన్ని అడ్డంగా, ఇంకొకటి నిలువుగా తిప్పితే గోడ మీద బొమ్మ వస్తుంది. ఇవి 30కె రకం, అంటే సెకనుకు 30,000 పాయింట్లు గీయగలవు, అదీ 8 డిగ్రీల చిన్న బొమ్మకు మాత్రమే. వెనక ఇల్డా కనెక్టర్ (లేజర్ షోల్లో అందరూ వాడే ప్రామాణిక కనెక్టర్) ఉంది కాబట్టి కంప్యూటర్‌తో నడుపుకోవచ్చు. అందుకే పెట్టె, గాల్వోలు ఉంచేసి లేజర్లు మాత్రం మార్చాలనుకున్నాను.

పాత లేజర్ల సంగతి చెప్పాలి. ఎరుపు 650 నానోమీటర్లు, ఆకుపచ్చ 532, నీలం 450. ఈ అంకె వెలుగు తరంగదైర్ఘ్యం, రంగుని చెప్పేది అదే. స్టిక్కర్ మీద 3 వాట్లు అని ఉంది. పవర్ మీటర్ పెట్టి చూస్తే వచ్చిన దాంట్లో సగానికి పైగా నీలమే. తెలుపు అడిగితే లేత నీలం వచ్చేది. పసుపు అడిగితే ఆకుపచ్చ వచ్చేది. చవక పెట్టెల్లో ఇది మామూలే, ఎందుకంటే వాట్‌కి అన్నిటికంటే తక్కువ ధర పడేది నీలం డయోడే (డయోడ్ అంటే కరెంటు ఇస్తే లేజర్ వెలుగు ఇచ్చే చిన్న భాగం). నీలం దండిగా పోస్తే స్టిక్కర్ మీద అంకె పెరుగుతుంది.

ఆ చవకకూ ఒక కథ ఉంది. 2010లో క్యాసియో దీపం లేని డేటా ప్రొజెక్టర్లు తెచ్చింది. దీపం బదులు లోపల వరసగా 445 నానోమీటర్ల నీలం డయోడ్లు పెట్టారు. విడిగా ఒక్క డయోడ్ కొనే ధర కంటే ప్రొజెక్టర్ కొని విప్పి, అందులోవి పీక్కోవడం లాభంగా ఉండేదట. ప్రపంచమంతా హాబీ వాళ్లు అదే పని చేశారు. ఒక వాట్ నీలం మామూలు మనిషి చేతికి వచ్చింది అప్పుడే. అంతకుముందు అంత నీలం కావాలంటే చాలావరకు ఆర్గాన్ ట్యూబ్, పెద్ద పవర్ సప్లై, నీళ్లతో చల్లబరిచే ఏర్పాటు. 1973లో లాస్ ఏంజిలిస్‌లో గ్రిఫిత్ అబ్జర్వేటరీ గుమ్మటం కింద మొదలైన లేజేరియం షోలు కూడా అలాంటి గ్యాస్ లేజర్ల మీద నడిచినవే.

ఇక నా లెక్కకు వస్తాను. మన కంటికి అన్ని రంగులూ ఒకేలా కనిపించవు. బాగా కనిపించే 555 నానోమీటర్ల దగ్గర కంటి స్పందన 1 అనుకుంటే, 520 ఆకుపచ్చకు 0.71, 638 ఎరుపుకు 0.19, 650 ఎరుపుకు 0.11, 445 నీలానికి 0.03. నీలం మరీ తక్కువ కదా, మరి అదే ఎక్కువ కావాలేమో అనిపిస్తుంది. కానీ తెలుపులో నీలం వాటా వెలుతురు కోసం కాదు, రంగు కోసం. అది కొంచెం చాలు. పగటి తెలుపుకి లెక్క వేస్తే 520 ఆకుపచ్చ 1 వాట్ ఉన్నప్పుడు 638 ఎరుపు దాదాపు 1.4 వాట్లు, నీలం అర వాట్ పైచిలుకు కావాలి. అదే ఎరుపు 650 అయితే 2.4 వాట్లు కావాలి. 12 నానోమీటర్ల తేడాకే ఒక వాట్ పోతోంది! ఈ లెక్క కాగితం మీద వేసుకున్నాక డబ్బంతా ఎరుపు మీదే పెట్టాలని తేలిపోయింది.

మా అన్నకు ఫోన్‌లో చెబితే నవ్వాడు.

"తమ్మీ, పార్టీ వచ్చి ఎన్ని వాట్లని అడుగుతది. ఎరుపెంత, పచ్చెంత అని ఎవలడుగుతరు?"

"స్టేజీ మీద పెళ్లికూతురు పేరు తెల్లగా రాస్తే అడుగుతారన్నా."

"సరే, రాసి చూపియ్యి."

ఆకుపచ్చ తేలిగ్గానే తేలింది. పాత 532 డయోడ్ లేజర్ కాదు. 808 నానోమీటర్ల డయోడ్ ఒక వెనెడేట్ స్ఫటికాన్ని రెచ్చగొడితే 1064 వస్తుంది, దాన్ని ఇంకో స్ఫటికం సగం చేసి 532 ఇస్తుంది. ఈ వ్యవహారం వేడికి అలుగుతుంది, ఆన్ ఆఫ్‌లు వేగంగా చేయలేదు. అక్షరానికీ అక్షరానికీ మధ్య లేజర్ ఆరిపోవాల్సిన చోట సన్నని తోక మిగిలేది అందుకే. 520 డయోడ్‌కి ఆ బాధ లేదు, కరెంటు ఎంత ఇస్తే అంత వెలుగు, తీసేస్తే చీకటి. 532తో పోలిస్తే కంటికి కొంచెం తక్కువ కనిపిస్తుంది, నిజమే. నిచియా వారి 520, 1 వాట్ రకం తీసుకున్నాను. దాని గురించి ఇంతకంటే ఆలోచించలేదు.

అసలు తలనొప్పి ఎరుపుతోనే. నా ముందు మూడు దారులున్నాయి.

మొదటిది సింగిల్ మోడ్ డయోడ్లు. ఒక్కోటి 100, 200 మిల్లీవాట్ల మధ్య ఉంటుంది. కిరణం సూదిలా పోతుంది, హాలు చివరి గోడ మీద కూడా చిన్న చుక్కే. కానీ నాకు కావాల్సిన పవర్‌కి ఏడెనిమిది డయోడ్లు, అన్నిటికీ లెన్సులు, అద్దాలు, వాటిని ఒకే దారిలోకి తెచ్చే మౌంట్లు కావాలి. పెట్టె వేడెక్కితే ఒక్కోటి ఒక్కో పక్కకి జరుగుతుంది. టెంపోలో వరంగల్ నుంచి కరీంనగర్ పోయొచ్చే పెట్టెలో అది నిలబడదు.

రెండోది మిత్సుబిషి వారి 9 మిల్లీమీటర్ల పెద్ద క్యాన్ (డయోడ్ ఉండే గుండ్రటి లోహపు డబ్బీ) ఎరుపు. ఒక్క డయోడే, పల్స్‌లో 2.5 వాట్లు. చూడగానే ఆశ పుడుతుంది. కానీ ఆ పల్స్ అన్న మాట దగ్గర ఆగాలి. ఇది సినిమా, డేటా ప్రొజెక్టర్ల కోసం చేసింది. అక్కడ మూడు రంగులూ వంతులవారీగా వెలుగుతాయి. మన పనిలో ఎర్ర గీత గీస్తున్నంతసేపూ అది వెలుగుతూనే ఉండాలి, అప్పుడు అంత పవర్ రాదు. పైగా అది ప్రొజెక్టర్ లోపల బొమ్మ తయారయ్యే ప్యానెల్‌ని వెలిగిస్తే చాలు కాబట్టి కిరణం సన్నగా ఉండాలన్న పట్టింపు దాని తయారీలో లేదు.

మూడోది మధ్య దారి: 638 నానోమీటర్ల మల్టీమోడ్ (వెలుగు పుట్టే చీలిక వెడల్పుగా ఉండి ఎక్కువ పవర్ ఇచ్చే రకం), 5.6 మిల్లీమీటర్ల చిన్న క్యాన్. మిత్సుబిషిలో 500 మిల్లీవాట్ల రకం, ఒక్లారోలో 700 మిల్లీవాట్ల రకం. ఒక్లారో వారి ఆ వ్యాపారం 2014లోనే ఉషియో చేతికి వెళ్లింది, హాబీ వాళ్లు ఇంకా పాత పేరుతోనే పిలుస్తారు.

ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి, ఎందుకంటే నేను డయోడ్‌ని తూచింది దీంతోనే. వెలుగు పుట్టే చీలిక వెడల్పుని లెన్స్ ఫోకల్ లెంగ్త్‌తో భాగిస్తే కిరణం ఎంత విచ్చుకుంటుందో వస్తుంది. చీలిక 40 మైక్రాన్లు, లెన్స్ 4 మిల్లీమీటర్లు అనుకోండి. మీటర్‌కి 10 మిల్లీమీటర్లు. పది మీటర్ల అవతల గోడ మీద పది సెంటీమీటర్ల అడ్డపట్టీ! దాంతో పేరేం రాస్తాం? అది ఒక దిశలోనే, రెండో దిశలో సన్నగానే ఉంటుంది. మల్టీమోడ్ డయోడ్ చుక్క గోడ మీద ఎప్పుడూ పడుకున్న గీతలా కనిపించేది ఇందుకే. దీనికి మందు సిలిండర్ లెన్సుల జత. ఆ దిశలో కిరణాన్ని మూడు రెట్లు వెడల్పు చేస్తే విచ్చుకోవడం మూడో వంతుకు దిగుతుంది. పది మీటర్ల దగ్గర మూడున్నర సెంటీమీటర్లు, కాస్త అటూ ఇటూ. అయితే వెడల్పు చేసిన కిరణం గాల్వో అద్దం మీద పట్టాలి. నా అద్దం వెడల్పు 7 మిల్లీమీటర్లు, కిరణం 4, 5 దాటితే తిరిగేటప్పుడు అంచున కోసుకుపోతుంది. కాబట్టి చీలిక మరీ వెడల్పుగా ఉన్న డయోడ్‌ని ఏ లెన్సూ కాపాడలేదు. ఎక్కువ వాట్లున్న పెద్ద డయోడ్లని నేను పక్కన పెట్టింది ఈ అద్దాన్ని చూసే.

చివరికి 700 మిల్లీవాట్లవి రెండు అనుకున్నాను. రెండిటినీ ఒక పోలరైజింగ్ క్యూబ్‌లో కలపొచ్చు. ఒక డయోడ్ పోలరైజేషన్ (వెలుగు కంపించే దిశ) నిలువు, రెండోది అడ్డం ఉండేలా తిప్పితే ఒకటి క్యూబ్‌లోంచి నేరుగా పోతుంది, ఇంకొకటి మలుపు తిరిగి దాని మీదే పడుతుంది. కిరణం లావు పెరగదు, పవర్ రెట్టింపు. లెన్సుల్లో, క్యూబ్‌లో, డైక్రోయిక్ అద్దాల్లో (ఒక రంగుని పోనిచ్చి ఇంకో రంగుని తిప్పేవి) పోయింది పోగా 1.2 వాట్ల చిల్లర మిగులుతుందని అంచనా. దానికి తగ్గట్టు ఆకుపచ్చని 0.85కి, నీలాన్ని అర వాట్‌కి తగ్గించుకుంటే సరి. మొత్తం రెండున్నర వాట్లు. పాత స్టిక్కర్ కంటే తక్కువే.

కొనడం ఇంకో పురాణం. కోఠీ గుజరాతీ గల్లీలో హీట్‌సింకులు, పవర్ సప్లైలు, థర్మల్ పేస్ట్ దొరికాయి గానీ ఈ డయోడ్ పేరు చెబితే పాయింటర్లు తెచ్చి చూపించారు. బయటి దేశం నుంచి తెప్పించుకోవాల్సిందే, కస్టమ్స్ డ్యూటీ అదనం. మొదట తెప్పించిన చోట కొత్తవని చెప్పి పాత ప్రొజెక్టర్లలోంచి పీకినవి పంపారు. భూతద్దం పెట్టి చూస్తే తెలిసిపోయింది. కొత్త డయోడ్ కాళ్లు నిగనిగలాడుతూ చివరిదాకా ఒకే పొడవుంటాయి. వీటి కాళ్లు పొట్టిగా ఉన్నాయి, మధ్యదాకా టంకం మరక, క్యాన్ అంచున ఎండిన జిగురు. డయోడ్ ముందుండే గాజు మీద మాత్రం మచ్చ లేదు, శుభ్రంగా తుడిచి పంపారు. ఫొటోలు పెట్టి అడిగితే సగం డబ్బు వెనక్కి ఇచ్చారు. తర్వాత వేరే చోట కాస్త ఎక్కువ పెట్టి తెప్పించాను. అవి యాంటీ స్టాటిక్ నురుగులో గుచ్చి వచ్చాయి.

డయోడ్‌కి స్టాటిక్ యముడు. చేతికి ఎర్త్ పట్టీ కట్టుకున్నాకే ముట్టుకోవాలి. డ్రైవర్‌ని (డయోడ్‌కి కరెంటు అందించే సర్క్యూట్) ముందు డమ్మీ లోడ్ మీద, అంటే కొన్ని మామూలు డయోడ్లు, ఒక ఓమ్ రెసిస్టర్ మీద నడిపి కరెంటు సెట్ చేసి, కెపాసిటర్‌ని పూర్తిగా ఖాళీ చేసి, అప్పుడు అసలు డయోడ్‌కి టంకం పెట్టాలి. ఒక్క స్పైక్ చాలు, లోపల వెలుగు బయటికొచ్చే ముఖం కాలిపోతుంది. చచ్చిన డయోడ్ ఆరిపోదు, ఎల్‌ఈడీలా ఎర్రగా మసకగా వెలుగుతూనే ఉంటుంది. వెనక్కి పంపడానికి ఉంచిన పాతవాటిలో ఒకటి అలాంటిదే.

తర్వాత కరెంటు కొంచెం కొంచెం పెంచుతూ పవర్ రాసుకున్నాను. ఒక స్థాయి దాకా ఏమీ ఉండదు. అది దాటగానే పవర్ నిటారుగా లేస్తుంది. పైన ఒక చోట గీత వంగడం మొదలవుతుంది, అంటే ఇక పెంచిన కరెంటు వెలుగవడం మానేసి వేడవుతోందని. నేను అక్కడికి చాలా కిందే ఆగాను. డేటాషీట్ అంకెలు 25 డిగ్రీల దగ్గర రాసినవి. మన మే నెల 25 డిగ్రీల్లో ఉంటుందా? ఎరుపు డయోడ్ వేడెక్కితే పవర్ పడిపోతుంది, పైగా డిగ్రీకి 0.2 నానోమీటర్ల చొప్పున రంగు కూడా ముదురుతుంది. 20 డిగ్రీలు పెరిగితే 638 కాస్తా 642 అవుతుంది, కంటికి ఇంకా తగ్గుతుంది. నీలం, ఆకుపచ్చ ఇంత గోల చేయవు. అందుకే ఎర్ర డయోడ్ల కింద మాత్రం పెల్టియర్ (కరెంటుతో చల్లబరిచే పలక) పెట్టాను, 22 డిగ్రీలకు సెట్ చేసి. విశాఖ, కాకినాడ వైపు వాళ్లు ఇంత చల్లగా పెట్టొద్దు. అక్కడి ఉక్కకి లెన్స్ మీద చెమట పడుతుంది.

కళ్ల గురించి ఒక మాట. అర వాట్ దాటితే క్లాస్ 4. రెప్ప వేయడానికి పావు సెకను పడుతుంది, ఈలోపే రెటీనా పోతుంది. మూడు రంగులూ ఆపే కళ్లజోడు పెట్టుకుంటే కిరణమే కనిపించదు, అలైన్‌మెంట్ చేయలేం. నేను ఒక్కో రంగుని విడిగా, అప్పుడే వెలగడం మొదలయ్యే కరెంటు మీద ఉంచి, ఆ రంగుకి సరిపడే జోడుతో చేశాను. గదిలో ఇంకెవర్నీ ఉంచలేదు, గోడ గడియారం కూడా తీసేశాను, గాజు కదా. జనం మీదికి కిరణం వదలడానికి నేను ఒప్పుకోను, ఎంత తిరిగే కిరణమైనా సరే. గాల్వో ఒక్క క్షణం నిలిచిపోతే చాలు. పెళ్లిలో వీడియో వాళ్ల కెమెరా సెన్సర్లు, చుట్టాల ఫోన్లు పోయేది కూడా ఇలాగే. విమానాశ్రయం దగ్గర్లో ఆకాశంలోకి వదలడం సరేసరి, పోలీసులు వస్తారు.

మొదటి వెలుగు మా మేడ మెట్ల గది గోడ మీద. తెలుపు తెల్లగానే ఉంది. పసుపు ఇప్పుడు నిమ్మకాయ రంగు, నారింజ కూడా వచ్చింది, పాత పెట్టెలో అది అసలు లేదు. ఎర్ర గీత ఆకుపచ్చ కంటే కొంచెం లావు, దగ్గరికెళ్లి చూస్తే తెల్ల అక్షరం అంచున సన్నని ఎర్ర నీడ. కింద కుర్చీల్లోంచి కనిపించదు. బాగా తక్కువ వెలుగులో నీలం ఒక్కసారిగా ఆరిపోయేది, ఎందుకంటే పెద్ద నీలం డయోడ్‌ని కొంచెమే వాడుతున్నాం కదా, కింది స్థాయి దగ్గర తడబడుతుంది. డ్రైవర్‌లో బయాస్ (డయోడ్‌కి ఎప్పుడూ అందే కొద్దిపాటి కరెంటు) కాస్త పెంచి, సాఫ్ట్‌వేర్‌లో నీలం వెలుగు పెరిగే తీరుని సర్దితే దారికొచ్చింది.

అన్న హన్మకొండ రిసెప్షన్‌కి తీసుకెళ్లి పేర్లు రాయించాడు. రాత్రి ఫోన్ చేసి, "మంచిగున్నది గానీ తమ్మీ, పార్టీ ఎన్ని వాట్లంటే ఏం చెప్పాలె?" అన్నాడు. రెండున్నర అని చెప్పమన్నాను. వినలేదు. పాత స్టిక్కర్ పీకలేదు కదా, అదే చూపించాడట.