కాజీపేటలో మూడో లైను

పాట మొత్తం నాలుగు లైన్లు. మొదటిది, రెండోది, నాలుగోది మా నలుగురికీ వచ్చు. మూడోది ఒక్కడికీ రాదు. ఈ మాత్రం దానికి యాభై ఎనిమిదేళ్ల వయసులో పొద్దున్నే లేచి రైలెక్కుతున్నామంటే ఇంట్లో నవ్వారు. "పాట కోసమా, పార్టీ కోసమా?" అంది మా ఆవిడ. రెండూ అన్నాను.

కాజీపేటలో పట్టాల పక్కనే ఉండేది మా మిషన్ స్కూలు. 1983లో టెన్త్ అయిపోయింది. అసెంబ్లీలో ప్రార్థన, ప్రతిజ్ఞ అయ్యాక స్కూలు పాట పాడించేవాళ్లు. అది లాటిన్‌లో ఉండేది. లాటిన్ ఎందుకని మేం ఏనాడూ అడగలేదు. ఎండలో నిలబెట్టి పాడించేవాటిలో అర్థమయ్యేవి ఎన్ని కనుక! పోయిన నెల ఒక పెళ్లిలో కలిసినప్పుడు లోకోగాడు భోజనాల దగ్గర ఆ పాట ఎత్తుకున్నాడు. రెండు లైన్లు పాడి ఆగిపోయాడు. మేమూ అక్కడే ఆగాం. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

వాళ్ల నాన్న కాజీపేట షెడ్డులో ఇంజన్ డ్రైవరు, అందుకే వాడు లోకో. మిగతా ఇద్దరిలో ఒకడు డాక్టరు, ఇంకొకడు క్లాస్ లీడరు. లీడర్ ఇప్పటికీ మాట్లాడేవాళ్ల పేర్లు బోర్డు మీద రాసేలాగే ఉంటాడు.

సికింద్రాబాద్ నుంచి కాజీపేట 132 కిలోమీటర్లు. ఘట్‌కేసర్ దాటేదాకా షుగరు, మోకాళ్లు, పిల్లల వీసాలు. బోర్లించిన మూకుడులాంటి భువనగిరి గుట్ట కిటికీలోకి వచ్చేసరికి లీడర్ నోట్‌బుక్ తీశాడు.

మొదటి లైను 'స్కోలా నోస్త్రా ఫ్లోరెయత్'. మా బడి కళకళలాడాలి అని అర్థం. ఆ చివరి మాట పువ్వు నుంచి పుట్టిందట. మేం మాత్రం 'స్కూలా నేస్తరా పులోరి యాట' అని పాడేవాళ్లం. మా వైపు యాట అంటే మేకో గొర్రో. పులికి యాట దొరికిందన్న పాటేమో అనుకుని చాలా హుషారుగా పాడేవాళ్లం.

రెండో లైను 'లుక్స్ ఇన్ తెనెబ్రిస్ లూచెత్'. మాకది సబ్బు, తేనె, ఇంకేదో. సబ్బుకు తేనె ఎందుకు రాస్తారని ఐదో తరగతిలో నేను మా అమ్మను అడిగాను కూడా. తెనెబ్రిస్ అంటే చీకటి అని ఈమధ్యే తెలిసింది. చీకటిలో వెలుగు ప్రకాశిస్తోందని యోహాను సువార్త మొదట్లో వచ్చే మాటే అది. తేనె అనుకున్నన్నాళ్లూ నాకేం నష్టం జరగలేదు, అది వేరే విషయం.

చివరి మాట దగ్గర గొడవ మొదలైంది. "లూకెత్ అనాలి. పాత రోమన్లు అట్లనే అనేటోళ్లట" అన్నాడు లీడర్, ఫోన్‌లో చూసి.

"లూచెత్!" అన్నాడు లోకో. "నాకు తెల్వదా? దాన్ని లుచ్చా అన్నందుకే కదరా సార్ రెండు చేతుల మీద చెరి నాలుగు పీకింది."

సాక్ష్యం గట్టిదే. చర్చి లాటిన్ ఇటలీ పలుకుబడిలో నడుస్తుంది. అందులో 'సి' అక్షరం పక్కన ఎ, ఇ వస్తే క కాస్తా చ అవుతుంది. మాకు పాట నేర్పించింది ఇటలీ నుంచి వచ్చిన ఫాదరే. మిలాన్ మిషన్‌కు చెందిన ఇటలీ ఫాదర్లు 1855లోనే హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. వరంగల్ మేత్రాసనం, అంటే ఒక బిషప్ కిందుండే ప్రాంతం, వేరుగా ఏర్పడింది 1952లో. 1960లలో వాటికన్ సభ తర్వాత చర్చిలో పూజ లాటిన్ నుంచి మెల్లగా తెలుగులోకి వచ్చేసింది. అక్కడి నుంచి సెలవు తీసుకున్న లాటిన్ మా అసెంబ్లీలో ఇంకొన్నాళ్లు తలదాచుకుందన్నమాట.

"నేనింకా రోజూ లాటిన్ రాస్తున్న" అన్నాడు డాక్టరు. మందుల చీటీ మీద బి.డి. అంటే 'బిస్ ఇన్ డీయె', రోజుకు రెండుసార్లు. హెచ్.ఎస్. అంటే 'హోరా సోమ్ని', పడుకునే ముందు. "నీ రాత మెడికల్ షాపువాడికి తప్ప ఎవనికి అర్థమైతది" అన్నాడు లోకో.

నాలుగో లైనుకు గొడవ లేదు. 'సెంపెర్, సెంపెర్, ఆమెన్.' సెంపెర్ అంటే ఎల్లప్పుడూ. మేం చెంపలు అనుకుని రెండుసార్లు చెంపలు వేసుకునేవాళ్లం. ఫాదర్ దాన్ని భక్తి అనుకున్నాడు.

జనగామలో చాయ్ తాగాం. కాజీపేటలో దిగేదాకా మూడో లైను రాలేదు. "బల్లార్షా దిక్కు మూడో లైన్ వేస్తున్నరు కానీ మన మూడో లైన్ ఎవడూ వేస్తలేడు" అన్నాడు లోకో. రైల్వే జోకులకు వాడొక్కడే నవ్వుతాడు. ఈసారి మేమూ నవ్వాం.

స్కూల్లో పాత షెడ్లు లేవు, కొత్త బిల్డింగ్ ఉంది. ఇప్పటి పిల్లల పాట తెలుగులో ఉంది, బాగుంది. మాకు కావాల్సింది అది కాదు. ఆటో మాట్లాడుకుని ఫాతిమానగర్ బ్రిడ్జి దాటి హన్మకొండలో మా పాటల సార్ ఇంటికి వెళ్లాం. దారిలో కాలేజీ గేటు చూసి నలుగురం ఒకేసారి ఆర్ఈసీ అన్నాం. అది ఎన్ఐటీ అయింది 2002లో. మా నోటికి ఇంకా కాలేదు.

సార్‌కు ఎనభై దాటాయి. తలుపు తీసి మమ్మల్ని వరసగా చూసి, లోకో దగ్గర ఆగారు.

"నువ్వు లుచ్చావి కదరా?"

వాడు వంగి కాళ్లకు దండం పెట్టాడు. నలభై ఏళ్లుగా ఉద్యోగంలో వాడికి అంత గౌరవం ఎవరూ ఇచ్చి ఉండరు.

సార్ వాళ్ల ఆవిడ సర్వపిండి పెట్టింది. గిన్నెకు వత్తి, వేలితో బొక్కలు పొడిచి కాల్చింది. అంచులు కరకర, మధ్యలో మెత్తన. నువ్వులు, పల్లీలు, శనగపప్పు పంటికి తగులుతున్నాయి. డాక్టరు తన షుగర్ సంగతి మర్చిపోయి మూడు తిన్నాడు. అది అయ్యాక అడిగాం: సార్, మూడో లైను?

సార్ లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. డబ్బాలు జరుపుతున్న చప్పుడు. చివరికి ఒక లాంగ్ నోట్‌బుక్ పట్టుకొచ్చారు. అట్ట ఊడిపోయి ఉంది, అంచులు చెదలు కొరికాయి. సార్‌కూ లాటిన్ రాదట. ఫాదర్ చెబుతుంటే తెలుగు అక్షరాల్లో రాసుకున్నారు. పైన మాటలు, కింద సరిగమలు. నల్ల సిరా వెలిసి గోధుమరంగుకు తిరిగింది. 'స్కోలా నోస్త్రా ఫ్లోరెయత్' ఉంది. 'లుక్స్ ఇన్ తెనెబ్రిస్ లూచెత్' ఉంది, చ కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి. మూడో లైనులో సరిగమలు మాత్రమే ఉన్నాయి. పైన మాటల చోటు ఖాళీ. పక్కన ఎర్ర సిరాతో ఒక్క ముక్క: 'బండి'.

"మీరు పాడింది మూడు లైన్లే బిడ్డా" అన్నారు సార్. "సరిగ్గా ఆ టైంకు పాసింజరు బండి వచ్చేది. గొంతు వినపడదు. ఫాదర్ చెయ్యెత్తి మిమ్మల్ని ఆపేటోడు. బండి పోయేదాక హార్మోనియమే."

"బండి లేటైతే?"

"అయినా హార్మోనియమే. మీరంతా పట్టాల దిక్కు తలలు తిప్పి చూసేటోళ్లు."

నాకు మనసొప్పలేదు. "కానీ సార్, నేను నోరు కదిపినట్టు బాగా గుర్తుంది."

"కదిపే ఉంటరు. ఆ చప్పుడులో ఎవడేం అనుకున్నడో నాకేం తెలుసు."

లోకో ముందు బయటపడ్డాడు. బండి చప్పుడులో వాడు రోజూ లెక్కల సార్‌ను తిట్టేవాడట. డాక్టరు బతుకమ్మ పాటలు పాడేవాడట. లీడర్ ఏమీ చెప్పలేదు. బాగా బలవంతపెడితే, ఎవడెవడి పెదాలు కదులుతున్నాయో చూసి లెక్కపెట్టేవాణ్నని ఒప్పుకున్నాడు. నేను ఏం అనేవాణ్నో ఎంత గింజుకున్నా నాకు యాదికి రాలేదు.

సాయంత్రం కాజీపేట ప్లాట్‌ఫాం చివర, జనం లేని చోట నిలబడ్డాం. లీడర్ వన్ టూ త్రీ అన్నాడు. మొదటి లైను బాగానే వచ్చింది. బెంచీ మీద సంచులతో కూర్చున్న ముసలామె మమ్మల్ని చూసి కొంగు సర్దుకుంది. రెండో లైను అవుతుండగా బొగ్గు గూడ్సు వచ్చింది. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, నలుగురం ఒక్కసారే నోరు మూశాం. చేతులు పక్కకు దించి, తలలు పట్టాల వైపు తిప్పి నిలబడ్డాం. వ్యాగన్ తర్వాత వ్యాగన్. బొగ్గుపొడి కళ్లలో పడుతోంది. చివరి గార్డు డబ్బా దాటిపోయాక, లోకో రెండు చెంపలు వేసుకున్నాడు.

"సెంపెర్."